నీళ్ళ ఈల

పక్షవాతం వచ్చి నోరు మెదలకుండా పోయిన మనిషిని చూసి మా వైపు "మాట పడిపోయింది" అంటారు. మా బాపు గురించి ఆ ముక్క ఫోనులో విన్నప్పుడు నాకు ఏడుపు కంటే ముందు శ్లేష తట్టింది. మా ఇంట్లో మాట అనేది ఆయన, మాట పడేది మేము. ఇప్పుడు పడే వంతు మాటకే వచ్చిందా అని. తెలుగు చెప్పి బతికేవాళ్ళకు ఉండే జబ్బు ఇది. దానికి ఛందస్సులో ఉన్నవి తప్ప వేరే మాత్రలు లేవు.

నేను జనగామలో ఇంటర్ పిల్లలకు తెలుగు చెప్తాను. బాపు, అవ్వ భూపాలపల్లి జిల్లాలో, చిట్యాల నుంచి ఇంకా లోపలికి పోతే వచ్చే ఊళ్ళో ఉంటారు. బాపు అంటే నాన్న, అవ్వ అంటే అమ్మ. ఆమె పుట్టినిల్లు బయ్యారం దగ్గర, మహబూబాబాద్ వైపు. ఆ ఎర్రమట్టి లాగే తొందరగా ఎగిసిపడని మనిషి. వాళ్ళకు నేను ఒక్కతే బిడ్డను. ఆ ఓపికలో నాకు వాటా రాలేదు. ఇదంతా కోపంతోనే రాస్తున్నాను.

మొదటి కోపం దవాఖాన మీద. వరంగల్‌లో పన్నెండు రోజులున్నాం. కాలూ చెయ్యీ సగం తిరిగి వచ్చాయి, మాట రాలేదు. ఇంటికి పంపేటప్పుడు డాక్టర్, చెడ్డ మనిషేం కాదు, కాగితాలు మడిచి నా చేతికిస్తూ, ఆయన కొన్ని చప్పుళ్ళు చేస్తుంటాడని, వాటికి అర్థాలు వెతక్కండని, వెతికితే మీరే అలసిపోతారని చెప్పాడు. బాపు పక్కనే చక్రాల కుర్చీలో ఉన్నాడు. ఆయన చెవులకు ఏ జబ్బూ రాలేదు. ఆ మాట విని ముఖం అవతలికి తిప్పుకున్నాడు. నేను ఆ డాక్టర్‌కు థాంక్స్ చెప్పాను. ఆ థాంక్స్‌ను వాపసు తీసుకునే కౌంటర్ ఎక్కడైనా ఉంటే ఇప్పటికీ పోయి నిలబడతాను.

చప్పుళ్ళు ఏమిటో ఇంటికి వచ్చాక తెలిసింది. బాపు నలభై ఏళ్ళు ఎడ్లతో దున్నాడు. ట్రాక్టర్లు వచ్చాక చివరి జతను అమ్మి పదిహేనేళ్ళు దాటింది. కొట్టంలో ఇప్పుడు మోటారు సామాన్లు, పత్తి బోరాలు ఉంటాయి. ఎడ్లు కొట్టంలోంచి పోయాయి గాని ఆయన నోట్లోంచి పోలేదు. తెలుగు మొత్తం తుడిచిపెట్టుకుపోయిన చోట, ఎడ్లతో మాట్లాడిన శబ్దాలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. అరక ఆపేటప్పుడు అనే "హో". ఎడ్లను మలిపేటప్పుడు నాలుకను అంగిట్లోంచి ఊడబెరికినట్టు కొట్టే "ట్టొక్". తొట్టి దగ్గర అవి నీళ్ళు తాగుతున్నంతసేపు సన్నగా వేసే ఈల. ఆ ఈల వింటే ఎడ్లు ఇంకో నాలుగు గుక్కలు ఎక్కువ తాగుతాయని మా వైపు రైతులందరూ వేస్తారు. బాపు మూతి ఒకవైపు జారింది కాబట్టి ఆ ఈలలో ఇప్పుడు సగం గాలే. వీటితో పాటు మామూలు ముక్కలు మూడు: "బా", "ద", పెదవులు మూసి అనే "మ్". ఇంకొకటి ముక్కుతో విసురుగా వదిలే గాలి. అంతా కలిపి ఏడు. యాభై ఆరు అక్షరాలు నేర్పి జీతం తీసుకునే బిడ్డ ఉన్న మనిషికి మిగిలింది ఏడు.

మొదటి నెల అవి ఏ వరుసలో వస్తాయో ఆయనకే తెలిసేది కాదు. నీళ్ళ చెంబు చూసి హో అనేవాడు, నన్ను చూసి ఈల వేయబోయేవాడు, తన నోరు తానే విని కళ్ళు పెద్దవి చేసేవాడు. తరువాత కోపమొచ్చి గోడకేసి తిరిగేవాడు. ఆ దశలో నేను డాక్టర్ మాట నమ్మిన మాట నిజం. అవ్వ నమ్మలేదు. డాక్టర్ చెప్తున్నప్పుడు ఆమె మందుల దుకాణం ముందు లైనులో ఉంది, వినకపోవడమే మంచిదైంది.

అవ్వ బడికి పోలేదు. కానీ ఆమె పట్టిన పద్ధతి నాకు ఏ ట్రెయినింగ్‌లోనూ ఎవరూ చెప్పలేదు. బాపు ఒక శబ్దం చేస్తాడు. ఆమె ఇంట్లో ఉన్నవాటిని ఒక్కొక్కటే తెచ్చి ముందు పెడుతుంది. చెంబు, చద్దరు, చేతికర్ర, తువ్వాల, రేడియో. కాదంటే ముక్కుగాలి. అవునంటే మ్. దొరికిందంటే ఇక ఆ శబ్దం ఆ వస్తువుదే. ఆ రోజు నుంచి ఆమె కూడా దాన్ని ఆ శబ్దంతోనే పిలుస్తుంది, ఆయన వింటున్నా వినకున్నా. ఒక్కో శబ్దానికి ఒక్కోసారి పూట పట్టేది. నేను ఒకసారి జాలిపడి, బొమ్మలున్న అట్ట ఒకటి తెస్తాను, వేలు పెట్టి చూపిస్తే సరిపోతుంది కదా, ఏ శబ్దం దేనికో మనమే పెడదాం అన్నాను.

"ఆయన అనాలె, నేను దేవులాడాలె," అంది అవ్వ, వెతకడం తన వంతన్నట్టు. "నేను వెట్టి ఆయనతోని అనిపిస్తే అది నా మాటైతది గని, ఆయన మాట ఎట్లయితది?"

నేను ఆ అట్ట మళ్ళీ ఎత్తలేదు.

అట్లా మెల్లగా ఒక భాష నిలబడింది. ఈల మొదట నీళ్ళయింది, తరువాత తాగేదంతా అయింది. హో అంటే చాలు: అన్నం చాలు, ఫ్యాను చాలు, నీ సుద్దులు చాలు. ద అంటే నొప్పి. ట్టొక్ అంటే కదలడం. గడ్డం ఇటు లాగితే రావడం, అటు విసిరితే పోవడం. బా అంటే మనిషి. దగ్గరి మనిషికి పొట్టి బా, దూరపు మనిషికి పొడుగు బా. అవ్వ చిటికెడు బా. రెండిండ్ల అవతల ఉండే పెద్దబాపు, అంటే బాపు అన్న, మూరెడు బా. జనగామలో ఉన్న నేను ఊపిరి అయిపోయేదాకా సాగే బా. అవ్వ స్పీకర్ పెట్టి ఫోను ఆయన నోటి దగ్గర పెడితే అది వచ్చేది, హన్మకొండ దాటి, రెండు బస్సులు మారి, నా వంటింట్లోకి. మనిషి శబ్దం ముందు, పని శబ్దం తరువాత. ఆ వరుస ఒక్కనాడూ తప్పలేదు.

దసరా సెలవుల్లో పోయి ఇదంతా ఒక పొడుగు నోటుబుక్కులో రాశాను. గీతలు కొట్టి గళ్ళు చేసి, ఇది ఓష్ఠ్యం, ఇది నాసిక్యం అని నింపాను. ట్టొక్ ఏ గడిలోనూ ఇమడలేదు. అది ఊపిరి బయటికి వదలకుండా పుట్టే శబ్దం, మన అక్షరమాలలో దానికి గూడు లేదు. మన వ్యాకరణంలో క చ ట త ప లు పరుషాలు, గ జ డ ద బ లు సరళాలు. బతుకంతా పరుషాలే పలికిన మనిషికి చివరికి సరళాలే మిగిలాయని ఆ బుక్కులో ఒక వాక్యం రాసుకుని, నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆ వాక్యం కింద రెండు గీతలు కూడా కొట్టాను. ఇప్పుడు చూస్తే ఆ గీతలు నా వీపు మీద కొట్టవలసినవి.

ఈలోపు ఊళ్ళోవాళ్ళు అర్సుకోను రావడం మొదలుపెట్టారు. మంచాన పడ్డ మనిషిని చూసిపోవడాన్ని మేము అట్లా అంటాం. రావడం మంచిదే. బ్రెడ్డు, బత్తాయిలు తేవడం ఇంకా మంచిదే. కానీ వచ్చిన ప్రతి మనిషీ మంచం మీదికి వంగి, చెవిటివాడితో మాట్లాడినట్టు అరిచి, ఒకటే అడిగేవాడు: "నన్ను గుర్తువట్టినవా? నేనెవర్ని, జెప్పు?" ఆడ, మగ, చుట్టం, పరాయి, అందరిదీ అదే. ఇరవై ఏళ్ళుగా ప్రశ్నపత్రాలు తయారుచేస్తున్నాను, ఇంత క్రూరమైన పత్రం ఎన్నడూ చూడలేదు. ఒకటే ప్రశ్న, ఛాయిస్ లేదు, జవాబు తెలిసినవాడికి రాసే చెయ్యి లేదు. బాపు జవాబు చెప్పేవాడు. పక్కింటాయనకు పొట్టి బా, చిట్యాల నుంచి వచ్చినవాళ్ళకు కొంచెం సాగిన బా, పరకాల చుట్టాలకు ఇంకొంచెం సాగిన బా. కొలత ఎన్నడూ తప్పేది కాదు. వాళ్ళు అది విని అవ్వ వైపు తిరిగి, గుర్తుపడతలేడు పాపం అనేవాళ్ళు. నూటికి నూరు రాసిన మనిషికి ముఖం మీదే సున్నా వేసి, బత్తాయిలు అక్కడ పెట్టి పోయేవాళ్ళు. ట్టొక్ అంటే మరీ నవ్వు, ఎడ్లను అదిలిస్తున్నడని. నేను ఉన్నప్పుడైతే పళ్ళు కొరికేదాన్ని. లేనప్పుడు ఎవరు కొరికారో తెలియదు.

పరీక్ష పెట్టని మనిషి ఒక్కతే వచ్చింది. మా చేనులో పత్తి ఏరడానికి తండా నుంచి వచ్చే ఒక అక్క. ఆమె ఇంట్లో వాళ్ళ భాషే మాట్లాడతారు, తెలుగు ఆమె కూలికి పోతూ చెవితో నేర్చుకున్నది. మంచం పక్కన కింద కూర్చుని పత్తి సంగతి, వాన సంగతి చెప్పింది. బాపు మధ్యమధ్య మ్ అన్నాడు, ఒకసారి హో అన్నాడు. ఆమె ఆగి, మళ్ళీ కొంచెంసేపటికి మొదలుపెట్టింది. పోయేటప్పుడు అవ్వ, ఈయన మాట నీకు ఎట్ల తెలిసిందని అడిగితే, "మా ఇంట్ల ఒక మాట, ఊర్ల ఒక మాట, మీ ఇంట్ల ఇంకోటి. అయితేంది అవ్వా," అని గంప ఎత్తుకుని పోయింది.

ఇక నా వంతు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను ఒక ట్రెయినింగ్‌కు పంపారు. కోస్తా వైపు వాళ్ళు చాలామంది ఉన్నారు. మొదటి రోజు భోజనాల దగ్గర నేను ఏదో చెప్తూ వచ్చినం, పోయినం అన్నాను. ఒకామె ఎంతో ప్రేమగా నా చెయ్యి పట్టుకుని, మళ్ళీ ఒకసారి అనండి, భలే ఉంది అంది. నేను మళ్ళీ అన్నాను. టేబుల్ మొత్తం నవ్వింది. పక్క టేబుల్ వాళ్ళను కూడా పిలిచారు, వాళ్ళ కోసం మూడోసారి అన్నాను. ఐదు రోజులూ అదే నా పని. ఆ నవ్వును నేను ఇరవై ఏళ్ళు పెంచి పోషించుకున్నాను; అవకాశం దొరికిన ప్రతి క్లాసులో, భాషను వెక్కిరించేవాడు మనిషినే వెక్కిరిస్తున్నట్టు అని పిల్లలకు పాఠం చెప్పాను. చప్పట్లు కూడా కొట్టించుకున్నాను.

దసరా సెలవులు అయి కాలేజీ తెరిచాక ఒక మధ్యాహ్నం స్టాఫ్‌రూములో టిఫిన్ డబ్బాల దగ్గర ఎవరో బాపు ఎట్లా ఉన్నాడని అడిగారు. అవ్వ గొప్ప చెప్పాలనే మొదలుపెట్టాను, ఆ మాట ఎవరిమీదైనా ఒట్టేసి చెప్తాను. ఏడు శబ్దాలు, వస్తువులు తెచ్చి పెట్టడం, ఏ మనిషికి ఎంత పొడుగు బా, అన్నీ చెప్పాను. అందరూ తినడం ఆపి విన్నారు. నేను చెప్తే పిల్లలు కూడా అట్లా వినరు. ట్టొక్ అని చేసి చూపించాను. నవ్వారు. ఇంకోసారి మేడమ్ అన్నారు. ఇంకోసారి చేశాను. హో చేశాను. ఆ తరువాత ఈల. ఆ ఈలలో సగం గాలి ఎట్లా వస్తుందో తెలియడానికి మూతి ఒక పక్కకు లాగి మరీ వేశాను.

అందరికంటే ఎక్కువ నవ్వింది ఎకనామిక్స్ చెప్పే సార్. ఆయనది కేసముద్రం, రోజూ రైల్లో వచ్చిపోతాడు. చిన్నప్పుడు ఇంట్లో రెండు జతల ఎడ్లు ఉండేవట. నా ఈల విని, అట్ల గాదు మేడమ్ అని, తను వేసి చూపించాడు. గుండ్రని, నిండైన ఈల. కళ్ళు మూసుకుంటే తొట్టి కనిపించింది. మంచి మనిషి, నవ్వుతూనే ఆయన కళ్ళలో నీళ్ళు వచ్చాయి. వాళ్ళ తాత గుర్తొచ్చాడన్నాడు. బాపును చూడటానికి తప్పకుండా వస్తానన్నాడు. మాట మీద నిలబడేవాళ్ళు నాకు ఎప్పుడూ తప్పుడు సమయంలోనే దొరుకుతారు.

ఒక ఆదివారం వచ్చాడు. నేను ముందు రోజే ఊరికి పోయి ఉన్నాను. ఆయన లోపలికి రాగానే బాపు కాళ్ళకు దండం పెట్టాడు. నేనెవర్ని చెప్పు అని అడగలేదు. మంచం పక్కన కూర్చుని, తన ఊరి పేరు చెప్పి, మక్కల పంట సంగతి మాట్లాడాడు. అవ్వ కంటే ముందు నేను మురిసిపోయాను, చదువుకున్న మనిషి ఎట్లా ఉంటాడో చూడండని వాకిట్లోకి పోయి ఊరంతటికీ చెప్పాలనిపించింది. అవ్వ చాయ్ తెచ్చింది. ఆయన లేచి, మీరు కూసోండ్రి అవ్వా, నేను తాగిపిస్త అని గ్లాసు తీసుకున్నాడు. ఒక చేత్తో బాపు వీపు నిమురుతూ, ఇంకో చేత్తో గ్లాసు పెదవుల దగ్గర పెట్టి, మూతి గుండ్రంగా చేసి ఈల వేశాడు.

తొట్టి దగ్గరి ఈల. నిండుగా, ఒక్క చుక్క గాలి కూడా కలవకుండా.

ఈల వేస్తూనే నా వైపు చూశాడు, ఎట్ల ఉంది మేడమ్ అన్నట్టు.

బాపు గ్లాసును చూశాడు. ఆయనను చూశాడు. వీపు మీద ఉన్న చేతిని చూడలేడు గాని, ఆ చెయ్యి కింద ఆయన వీపు బిగుసుకోవడం నాకు కనిపించింది. ఎద్దు వీపు మీద చెయ్యి వేసి నీళ్ళు తాగించే పని నలభై ఏళ్ళు ఆయనే చేశాడు. అక్కడ ఎవరు ఎద్దో, ఎవరు మనిషో ఆయనకు ఇంకొకరు చెప్పవలసిన పని లేదు. తరువాత నన్ను చూశాడు. చాలాసేపు చూశాడు. చాయ్ తాగలేదు, గడ్డం మీదుగా బనీను మీదికి కారింది. హో అనలేదు. ముక్కుగాలి కూడా లేదు. పెదవులు మూసుకున్నాడు.

సార్‌కు ఏమీ అర్థం కాలేదు. వేడి ఎక్కువుందేమో అన్నాడు. అన్నం తిని, మళ్ళీ వస్తానని చెప్పి పోయాడు.

ఆ రోజు నుంచి బాపు మాట్లాడటం మానేశాడు. ఏడు శబ్దాలూ ఒక్కసారే బందయ్యాయి. తాగిస్తే తాగేవాడు, తినిపిస్తే తినేవాడు, అడిగేవాడు కాదు. అవ్వ చెంబు నుంచి రేడియో దాకా అన్నీ వరుసగా ముందు పెట్టేది, ఆయన పైకప్పు చూస్తూ పడుకునేవాడు. ఒకరోజు ఆమె కల్లంలో పనుండి పోయి ఆలస్యంగా వస్తే, చెంబు మూరెడు దూరంలో ఉండి కూడా పెదవులు ఎండిపోయి ఉన్నాడట. పక్కింట్లో మనుషులున్నారు, ఒక్క శబ్దం చేస్తే వచ్చేవాళ్ళు. చేయలేదు. దవాఖాన నుంచి వచ్చినప్పటి కంటే ఇప్పుడే ఇల్లు ఎక్కువ చిన్నబోయిందని అవ్వ ఫోనులో అంది. అప్పుడు పోయింది ఆయన మాట ఒక్కటే. ఇప్పుడు పోయింది ఇద్దరిదీ. ఆమె పొద్దంతా ఎవరితో మాట్లాడాలి?

తరువాతి శనివారం పోయినప్పుడు ఆమె నన్ను పెరట్లోకి పిలిచి, ఆ సార్‌కు ఆ ఈల సంగతి ఎట్లా తెలుసని అడిగింది. చెప్పాను. మూతి ఒక పక్కకు లాగిన సంగతితో సహా చెప్పాను. దాచితే బాగుండేదని చెప్తున్నప్పుడే అనిపించింది.

"నువ్వు నవ్విచ్చినవా, నవ్వినవా?" అంది.

"రెండూ."

ఆమె అరవలేదు. గిన్నె బోర్లించి, చేతులు కొంగుకు తుడుచుకుని, "మేము ఇంట్ల మాట్లాడుకున్నదాన్ని నువ్వు తీస్కపోయి బడిల ఆడిచ్చినవ్," అంది. లోపలికి పోయింది. కోతిని ఆడించేవాణ్ణి కూడా మా వైపు అదే మాటతో అంటారు.

సోమవారం జనగామలో రైలు దిగి వస్తున్న సార్‌ను కాలేజీ గేటు దగ్గరే పట్టుకున్నాను. పిల్లలు చూస్తున్నారని కూడా చూడలేదు. మా తండ్రిని పశువును చేశారన్నాను, ఆయన నోరు మూయించారన్నాను, ఇంకా ఏమేమో అన్నాను. పరుషాలన్నీ వాడుకున్నాను, ఐదింటినీ. ఆయన ముఖం పాలిపోయింది. చేతిలో టిఫిన్ డబ్బా అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు.

"మీరే గద మేడమ్ నేర్పిచ్చింది," అన్నాడు.

ఎదురు చెప్పడానికి కాదు, నిజంగా అర్థంకాక అన్నాడు. ఆ రోజు నాలుగు క్లాసులున్నాయి, ఏం చెప్పానో గుర్తులేదు. స్టాఫ్‌రూములో మళ్ళీ ఎవరూ బాపు గురించి అడగలేదు. అడిగితే ఏడుస్తాననుకున్నారో, కొడతాననుకున్నారో. రెండిటికీ సిద్ధంగానే ఉన్నాను.

ప్రతి శనివారం పోయేదాన్ని. మంచం పక్కన కూర్చుని క్షమించు బాపూ అన్నాను. మంచి తెలుగులో అన్నాను, మా ఊరి తెలుగులో అన్నాను. ఒకసారి, సిగ్గులేకుండా, ఆయన శబ్దాల్లోనే చెప్పబోయాను. అవ్వ కళ్ళతోనే ఆపింది. క్షమించడానికి ఆ ఏడింటిలో శబ్దం ఉందో లేదో నాకు తెలియదు. నేను రాసుకున్న గళ్ళలో అయితే లేదు. కోపం మాత్రం ఎక్కడ పెట్టాలో తెలియక మోసుకు తిరుగుతున్నాను. రోజురోజుకూ బరువెక్కుతోంది, దించడానికి ఒక అరుగు కావాలి.

ఆ అరుగు పెద్దబాపు అయ్యాడు.

పెద్దబాపు డెబ్బై దాటిన మనిషి. రెండుసార్లు సర్పంచ్ చేశాడు. ఏ ఇంటికి పోయినా సభలో మాట్లాడినట్టే మాట్లాడతాడు. బాపు మంచాన పడ్డప్పటి నుంచి రెండు రోజులకు ఒకసారి వచ్చి, అదే కుర్చీలో కూర్చుని, అరగంట ఉండి పోతాడు. అంతవరకు ఆయన కూడా ఆ పరీక్ష పెట్టినవాడే, తమ్ముడి చేత మూరెడు బా అనిపించుకుని సున్నా వేసినవాడే. ఆ శనివారం వచ్చి కూర్చుని, బాపు ముఖం ఒకసారి చూసి, ఆయన మీదుగా అవ్వతో అన్నాడు:

"ఆ ఎడ్ల కూతలు గూడ బందైనయి. ఇగ దేవుడు జల్ది తీస్కపోతె మంచిది. వానికి మంచిదే, నీకూ మంచిదే."

ప్రేమతోనే అన్నాడు. ఆయన గొంతు కూడా బొంగురుపోయింది. అది నాకు ఇప్పుడు వినిపిస్తోంది, అప్పుడు వినిపించలేదు.

నేను లేచాను. "లే పెద్దబాపూ," అన్నాను. "లేచి నడువు. ఆయనకు చెవులున్నయి. నువ్వన్నది మొత్తం ఇన్నడు. మీరు అడిగిన ప్రతిదానికీ ఆయన సక్కగ జవాబు జెప్పిండు, మీకే తెలివి లేదు. ఇగ ఈ ఇంటి గడప తొక్కకు."

ఇంకా అన్నాను. డాక్టర్‌ను అనవలసినవి, బత్తాయిలు తెచ్చినవాళ్ళను అనవలసినవి, సార్‌ను అనగా మిగిలినవి, ఇరవై ఏళ్ళ కిందటి టేబుల్‌ను అనవలసినవి, అన్నిటికంటే ఎక్కువగా నన్ను అనవలసినవి, అన్నీ ఆయన నెత్తిన పోశాను. ఆ ఇంట్లో ఆయనను అట్లా అన్న మనిషి లేడు. ఒక ఆడపిల్ల అనడం ఊళ్ళోనే లేదు. ఆయన కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా లేచి, కింద చెప్పుల కోసం కాలితో వెతుక్కుంటున్నాడు. చెప్పు దొరకడం లేదు.

"హో."

ముగ్గురం మంచం వైపు తిరిగాం.

"హో," అన్నాడు బాపు మళ్ళీ. బాగున్న మోచేతి మీద లేచి ఉన్నాడు. ముఖం ఎర్రబడింది, మెడ నరాలు ఉబ్బాయి. నన్నే చూస్తున్నాడు. అన్నం చాలనే హో కాదు, ఫ్యాను చాలనే హో కాదు. ఊపిరి పీల్చుకున్నాడు. "బా" అని మొదలుపెట్టి సాగదీశాడు, నా పొడుగంతా, ఊపిరి చివరి దాకా. చివర ట్టొక్. గడ్డం వాకిలి వైపు విసిరాడు.

పొమ్మంటున్నాడు. అన్నను అవమానించిన బిడ్డను ఇంట్లోంచి పొమ్మంటున్నాడు. అంతటితో ఆగలేదు. ఎన్నాళ్ళుగానో ఆపినదంతా ఒక్కసారి తోసుకొచ్చింది. ద అన్నాడు, గుండె మీద చెయ్యి పెట్టుకుని మళ్ళీ ద అన్నాడు, మూరెడు బా అన్నాడు, ముక్కుగాలి, మళ్ళీ నా బా, మళ్ళీ ట్టొక్. సగం నాకు అందలేదు. అందినదాంట్లో నన్ను మెచ్చుకున్నది ఏదీ లేదు. ఆయన తరఫున మాట్లాడాననుకున్నాను. నీ వకాల్తా ఎవరడిగారని ఆయన అడుగుతున్నాడు. నాకు కూడా కోపం వచ్చింది, సిగ్గు కూడా వచ్చింది. కాళ్ళు మాత్రం కదల్లేదు, ఆయన గొంతు ఆగితే మళ్ళీ వినిపించదేమో అని.

పెద్దబాపు ఒక కాలికి చెప్పుతో నిలబడిపోయాడు. బాపు ఆయన వైపు తిరిగాడు. ఊపిరి ఆడటానికి కొంచెంసేపు ఆగి, పెదవులు ముందుకు చాచాడు. ఈల వేస్తాడనుకున్నాను. వేయలేదు. వేడి గ్లాసు మీద ఊదినట్టు, మెల్లగా, "ఉఫ్" అన్నాడు. కుర్చీ వైపు చూసి ఇంకోసారి ఉఫ్ అన్నాడు.

ఆ శబ్దం నేను ఎన్నడూ వినలేదు. నోటుబుక్కులో లేదు.

"కూసో బావా," అంది అవ్వ పెద్దబాపుతో. ఆమె గొంతు మామూలుగానే ఉంది, చెయ్యి మాత్రం తలుపు పట్టుకుని ఉంది. "నీకు చాయ్ వెట్టమంటున్నడు."

"అది చాయ్ ఎప్పటిసంది అయింది?" అన్నాను.

"ఇప్పటిసంది," అంది. తరువాత నా వైపు చూసి, "పాలు లెవ్వు. పొయి ప్యాకెట్ పట్కరా. పొమ్మన్నడు గద," అంది.

పోయాను. యాభైకి దగ్గరపడ్డ మనిషిని, తిట్లు తిని, పాలకు బయల్దేరాను. దుకాణం రెండు గల్లీల అవతల. ఎండ చిటచిట కాలుస్తోంది, చెప్పులు వేసుకోవడం మరిచిపోయాను. పెద్దబాపు మీద కోపం పోలేదు. డాక్టర్ మీద పోలేదు, సార్ మీద పోలేదు. నా మీద ఉన్నదాన్ని కొలిచే బా ఏదీ లేదు. ప్యాకెట్ తీసుకుని తిరిగి వచ్చేసరికి పెద్దబాపు కుర్చీని మంచానికి దగ్గరగా జరుపుకుని కూర్చున్నాడు. బాపు ఏదో అంటున్నాడు. పెద్దబాపుకు ఒక్క ముక్క అర్థం కావడం లేదని ముఖం చూస్తేనే తెలుస్తోంది, అయినా మధ్యలో అరవకుండా, అవ్వ వైపు తిరగకుండా వింటున్నాడు. నేను వాకిట్లోనే నిలబడి ప్యాకెట్ అవ్వకు అందించాను. నన్ను లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. చాయ్ తాగడం అయ్యాక, గ్లాసులు కడగడానికి పిలిచారు.

ఇది జరిగి ఎనిమిది నెలలు. బాపు మాట్లాడుతున్నాడు, నాతో కూడా, అవసరానికి మాత్రమే. నేను గదిలోకి పోతే కొన్ని శబ్దాలు ఆగిపోతాయి, బయటికి వచ్చాక మళ్ళీ మొదలవుతాయి. వాటి సంగతి అవ్వను అడగను. ఈల మళ్ళీ ఎన్నడూ వేయలేదు. నీళ్ళకు కూడా ఇప్పుడు ఉఫ్ అనే అంటాడు, ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి నీళ్ళకు కూడా. అవ్వ తెచ్చిస్తుంది.